ఉప్పు లేని రొట్టె

నా చిన్నప్పుడు, మేం బొల్లారంలో ఉన్న రోజుల్లో, సంస్కారం ఇచ్చే ఆదివారం వచ్చిందంటే మా చర్చి మొత్తం లేచి ముందుకు నడిచేది. మా బాపమ్మ ఒక్కతే బెంచీ మీద కూర్చుండిపోయేది. చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, ఎవరొచ్చి లేపుతారో చూద్దామన్నట్టు కూర్చునేది. మా నాన్నను కన్న తల్లి ఆమె. ఆమె పక్కన కూర్చోవడం నా పని కాబట్టి, ఆ కాసేపు ఆమె ఒళ్లు ఎంత బిగుసుకుపోయేదో నాకు తెలుసు.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. సంస్కారమంటే నెలకోసారి పాస్టరుగారు అందరికీ చిన్న రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం ఇవ్వడం. ప్రభువు చనిపోయే ముందు తన వాళ్లతో కలిసి తిన్న ఆఖరి భోజనానికి అది గుర్తు. దానికో షరతు ఉంది. ఎవరితోనైనా పగ ఉంటే ముందు వెళ్లి సమాధానపడి, ఆ తర్వాతే రావాలి. పాస్టరుగారు ప్రతిసారీ ఆ మాట చెప్పి కాసేపు ఆగేవారు. ఆ కాసేపట్లో అందరూ కళ్లు మూసుకునేవారు. ముందురోజు పంపు దగ్గర జుట్లు పట్టుకున్న ఆడవాళ్లూ, తోడబుట్టిన వాళ్ల వాటా మింగిన మగవాళ్లూ కళ్లు మూసి, కళ్లు తెరిచి, భుజాలు రాసుకుంటూ వెళ్లి మోకరించేవారు. కళ్లు మూసినంత మాత్రాన పగలు పోయేటట్టయితే ఇన్ని పోలీస్ స్టేషన్లు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

విడ్డూరమేమిటంటే, ఆ రొట్టె చేసేది మా బాపమ్మే. శనివారం సాయంత్రం స్నానం చేసి, తల ముడేసుకుని, గోధుమపిండి కలిపేది. ఉప్పు వెయ్యదు, పొంగనివ్వదు. పెనం మీద సన్నటి మంటతో కాల్చి, తెల్లటి గుడ్డలో చుట్టి పాస్టరు అయ్యగారింటికి పంపేది. మా తాత మిలటరీ మెస్సులో వంట చేసేవాడు, ఆ చేతివాటం ఆయన దగ్గర నేర్చుకున్నది. రొట్టె కాలుస్తున్నంతసేపూ ఎవ్వరితోనూ మాట్లాడేది కాదు. అంచు ముక్క అడిగితే మాకు పెట్టేది కాదు, తానూ నోట్లో వేసుకునేది కాదు. చర్చి అంతా ఆమె చేతి రొట్టె తినేది, ఆమె మాత్రం ఖాళీ నోటితో ఇంటికి వచ్చేది.

ఆమె పగంతా మా పక్కింటి పెద్దాయన మీద. ఆయన మా చర్చి సంఘానికి పెద్ద. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, ఏదో ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి, ఇక్కడే స్థిరపడ్డాడు. పిల్లలు లేరు, భార్య అప్పటికే పోయింది. ఆయన ప్రార్థన చేస్తే వినడానికి బొల్లారం అవతల నుంచి కూడా వచ్చేవారు. గ్రాంథికంలో మొదలుపెట్టి, గొంతు వణికించి, ఒక్కో మాటనూ నిమిరి నిమిరి వదిలేవాడు. దేవుడి ముందు కూడా ఆఫీసు ఫైలు చదువుతున్నట్టు ఉండేదని మా నాన్న చాటుగా నవ్వేవాడు. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆయన పొద్దున్నే ప్రార్థన ఎత్తుకోగానే మా బాపమ్మ ఇవతల ఇత్తడి బిందెలు బయటవేసి చింతపండుతో తోమడం షురూ చేసేది. ఆయన గొంతు పెంచితే ఈవిడ బిందెను నేలకేసి మోదేది. నేను పెరిగింది ఆ మోతలోనే.

పగకు కారణం మా తాత చావు. తాత తాగేవాడు, దాచడానికేం లేదు. తాగి ఎవర్నీ తిట్టి ఎరగడు, కొట్టి ఎరగడు, వాకిట్లో కూర్చుని పాటలు పాడి అక్కడే పడుకునేవాడు. కానీ చర్చికి రావడం మానేశాడు. ఆయన చనిపోయినప్పుడు సమాధుల తోటలో చోటు అడగడానికి మా నాన్న వెళ్తే, పాస్టరుగారు నోరు విప్పే లోపల ఈ పెద్దాయన అడ్డం పడ్డాడు. "సంఘానికి రానివాడికి సంఘపు నేల దేనికండీ? ఇవాళ ఇతనికి ఇస్తే రేపు ఊళ్లో ప్రతి తాగుబోతూ అడుగుతాడు" అన్నాడట. ఆ పాస్టరుగారు వయసులో చిన్నవారు, కొత్తగా వచ్చినవారు. పెద్దాయన మాటకు ఎదురు చెప్పలేకపోయారు. తాతను తోట చుట్టూ ఉన్న నాగజెముడు కంచె అవతల, మురికి కాలువ పక్కన పూడ్చిపెట్టారు. ప్రార్థన లేదు. మా చర్చిలో ఎవరు పోయినా గంట కొడతారు, ఆ గంటా లేదు. బాపమ్మ శవం దగ్గర కూర్చుని మధ్యాహ్నందాకా ఆ గంట కోసం చెవులు రిక్కించి వింటూ ఉంది. నేను అప్పుడు మరీ చిన్నదాన్ని, కానీ ఆమె మాటిమాటికీ చర్చి వైపు తల తిప్పడం గుర్తుంది.

మట్టి వేసి తిరిగి వస్తూ ఆమె పెద్దాయన గేటు ముందు ఆగింది. వీధి వీధంతా చూస్తోంది.

"నీ నోట్లకెల్లి దేవుని పేరొస్తే నాకు కడుపుల దేవుతది. సచ్చేదాంక నిన్ను మాఫ్ చెయ్య" అంది.

ఆయన చేతులు జోడించి, "ప్రభువు నిన్ను దీవించునుగాక" అన్నాడు. ఆ దీవెనకే ఆమెకు ఒళ్లు ఇంకా మండింది.

ఆ నెల నుంచి ఆమె సంస్కారం మానేసింది. చర్చి మానలేదు, రొట్టె చెయ్యడం మానలేదు, ముందుకు వెళ్లడమే మానేసింది. స్త్రీల సమాజం వాళ్లు వచ్చి బతిమాలారు, తర్వాత బెదిరించారు. "క్షమించానని ఒక్క మాట అనెయ్యరాదూ, ఏం పోయింది? ఇట్లాగే కూర్చుంటే రేపు నిన్నూ కంచె అవతలకే పంపుతారు" అన్నారు.

"మంచిగనే ఉంటది, మా ముసలోని పక్కన పండుకుంట" అని వాళ్లకు చాయ్ కూడా ఇవ్వకుండా పంపించేసింది.

అయితే ఆమెకు ఆ రొట్టె ముక్క, ఆ గుక్కెడు రసం అంటే ప్రాణం. పెళ్లికాక ముందు నుంచీ ఏనాడూ తప్పని మనిషి. అలాంటి ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక సాయంత్రందాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఒక్క అబద్ధం చెబితే దొరికేదే. చర్చి నిండా జనం ఆ ఒక్క అబద్ధం చెప్పి తెచ్చుకుంటున్నారు. ఆమె చెప్పదు, అంతే.

నేను ఐదో తరగతిలో ఉండగా పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. అంత గొంతు ఉన్న మనిషి నోట ఒక్క అక్షరం పలకలేదు. సంఘమంతా కదిలి వచ్చింది. మొదట్లో మంచం చుట్టూ నిలబడి పాటలు పాడారు, చేతులు చాపి ప్రార్థించారు, బత్తాయిలు పెట్టి వెళ్లారు. బత్తాయి ఒలిచి నోట్లో పెట్టేవాళ్లు మాత్రం లేరు. మంచంలోనే అన్నీ అయిపోతున్న మనిషి కదా, గదిలో వాసన మొదలైంది. ప్రార్థనలు మంచం దగ్గర నుంచి వరండాలోకి వచ్చాయి. ఇంకొన్నాళ్లకు గేటు దగ్గరకు వచ్చాయి. గేటు పట్టుకుని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "తండ్రీ, నీ సేవకుని స్వస్థపరచుము" అనడం నేను నా కళ్లతో చూశాను. పొద్దున ఓ పనిమనిషి వచ్చి ఇన్ని గంజి నీళ్లు పోసి పోయేది, తర్వాత ఆవిడా మానేసింది.

ఒక పొద్దున గోడ అవతల నుంచి మూలుగు వినిపించింది. బాపమ్మ బిందె తోముతోంది. చెయ్యి ఆగింది. మళ్లీ తోమింది. మళ్లీ మూలుగు. చేతిలోని చింతపండు విసిరికొట్టి లేచింది. పొయ్యి మీద నుంచి వేణ్నీళ్లు దించి, పాత చీర ఒకటి చింపి భుజాన వేసుకుని, నన్ను సబ్బు తెమ్మని పక్కింట్లోకి నడిచింది.

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆమెను చూడగానే ఆయన ఎడమ చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, కొడుతుందేమో అనుకున్నాడు కాబోలు.

"భయపడకు ముసలోడా, సంపనీకి రాలే. నీ మీద ప్రేమతోని సుత రాలే. నీ కంపు గోడ దాటి మా ఇంట్లకొస్తుంది. జెర పక్కకు జరుగు" అంది.

ఒళ్లంతా తుడిచింది. పక్క మార్చింది. వీపు మీద పుండు చూసి "థూ, గింతమంది భక్తులున్నరు, ఒక్కరన్న తిప్పి పండబెట్టలే" అని చర్చి మొత్తాన్ని పేరుపేరునా తిట్టింది. తిట్లకు తగ్గట్టు చేతులు గట్టిగా కదులుతాయేమో అనుకున్నాను. చేతులు మాత్రం నాకు జ్వరమొచ్చినప్పుడు ఎలా తాకేవో అలాగే ఉన్నాయి.

అప్పటి నుంచి అది రోజువారీ పనయింది. పొద్దున స్నానం, పుండుకు పసుపు కట్టు, జొన్న జావ. ప్రతి గరిటెకూ ఒక తిట్టు. "మింగు. మా ముసలోనికి మట్టి సుత దక్కనియ్యలే నువ్వు. ఇగో, ఇంకింత మింగు." ఆయన కళ్ల వెంట నీళ్లు కారేవి. ఆమె ఆ నీళ్లు కూడా కొంగుతో తుడిచేది, తిడుతూనే.

వీధిలో మాట పుట్టింది. మా అమ్మకు సిగ్గుగా ఉండేది, సేవ చేసేటప్పుడు ఆ నోరు ఎందుకని. సంఘం మాత్రం పొంగిపోయింది. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో మా బెంచీ వైపు చెయ్యి చూపించి, "చూడండి, మన సహోదరి తన శత్రువును క్షమించింది, ప్రేమించింది" అన్నారు. జనం స్తోత్రం అని అరిచారు. బాపమ్మ లేచి నిలబడింది. ప్రసంగం మధ్యలో ఆడమనిషి లేచి మాట్లాడటం మా చర్చిలో ఎవరూ చూసి ఉండరు.

"అయ్యగారూ, అట్ల చెప్పకుండ్రి. నేనేం మాఫ్ చెయ్యలే. లేనిది ఉన్నట్టు నా పేరు మీద చెప్పకుండ్రి" అని కూర్చుంది.

పాస్టరుగారు ఎర్రబడిన ముఖంతో పాట నంబరు చెప్పారు. నాకైతే బెంచీ కిందికి దూరిపోవాలనిపించింది. ఇంటికి వచ్చే దారిలో కోపంతో అడిగేశాను, క్షమించనప్పుడు రోజూ ఎందుకు పోతున్నావు మరి, అని.

ఆమె నడక ఆపలేదు. "ఆకలైనోనికి పెట్టుమన్నడు దేవుడు. నీ కోపం పోయినంక పెట్టుమన్నడా? కోపం ఎప్పుడు పోతదో నా చేతుల లేదు. జావ కాసుడు నా చేతుల ఉన్నది" అంది.

అంతకు మించి ఆ విషయంలో ఆమె నాకు ఎన్నడూ ఏమీ బోధించలేదు.

వానలు వెళ్లాక పాస్టరుగారు రోగికి ఇంటి దగ్గరే సంస్కారం ఇవ్వడానికి వచ్చారు. మంచం పట్టినవారికి అలా తెచ్చి ఇవ్వడం ఆనవాయితీ. బాపమ్మ గది మూలలో ఆయన బట్టలు మడతపెడుతోంది. పాస్టరుగారు ప్రార్థించి రొట్టె ముక్క ఆయన నోటి దగ్గర పెట్టారు. పెద్దాయన పెదాలు బిగించాడు. తల అటు తిప్పుకున్నాడు. పాస్టరుగారు మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ అంతే.

"మింగలేకపోతున్నారేమో" అన్నారు పాస్టరుగారు.

"ఎందుకు మింగడు? పొద్దుగాల గిన్నెడు జావ మింగిండు" అంది బాపమ్మ మూల నుంచి.

అప్పుడాయన ఎడమ చెయ్యి ఎత్తాడు. కిటికీలోంచి సమాధుల తోట వైపు చూపించాడు. తర్వాత బాపమ్మను చూపించాడు. తర్వాత అదే చేత్తో తన నోటిని గట్టిగా మూసుకున్నాడు. పాస్టరుగారికి అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు. బాపమ్మకు మాత్రం అర్థమైంది, చేతిలోని పంచె అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా చర్చిలో తను ఒక్కతే చేస్తూ వచ్చిన పనిని ఇప్పుడు ఆయన చేస్తున్నాడు. తాను చేసిన అన్యాయం అలాగే ఉండగా, పోయినట్టు నటించి ఆ రొట్టె తినలేనంటున్నాడు.

"ఆయన తీసుకోడు అయ్యగారూ. తీస్కపోండ్రి" అంది ఆమె చివరికి.

ఆ మధ్యాహ్నం జావ పట్టేటప్పుడు ఆమె ఒక్క తిట్టూ తిట్టలేదు. గరిటె గిన్నెకు తగిలే చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. తిట్లకు అలవాటుపడ్డ నాకు ఆ నిశ్శబ్దానికి భయం వేసింది.

క్రిస్మస్ దగ్గరపడుతుండగా ఆయన పరిస్థితి బాగా దిగజారింది. సంఘం వాళ్లు సమాధి సంగతి మాట్లాడుకోవడానికి వచ్చారు. తోటలో భార్య పక్కన ఆయనకు చోటు ఎప్పటి నుంచో ఉంది. ఆ మాట చెవిన పడగానే ఆయన ఎడమ చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. ఆ సైగలు తెలిసింది బాపమ్మకే కాబట్టి ఆమెను పిలిచారు. ఆమె కాసేపు చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను చెప్తే నమ్ముతరా? మీరే అడుగుండ్రి. కంచె లోపలనా, అవతలనా అని అడుగుండ్రి."

పాస్టరుగారు అడిగారు. కంచె లోపలా అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. కంచె అవతలా అంటే కళ్లు మూసి, గడ్డం దించాడు. సంఘం వాళ్లు తెల్లమొహాలు వేశారు. మతి చలించిందన్నాడొకాయన. పాస్టరుగారు మళ్లీ అడిగారు, జవాబు మారలేదు. బాపమ్మ అప్పుడేం అన్నదో నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"ఆఖరికి ఆడ సుత మా ముసలోణ్ణి వదలడా ఈయన?" అంది. అని, గబగబా బయటికి వెళ్లి మా పెరట్లో నిలబడి ఏడ్చింది.

పెద్దాయన పోయిన రోజు సంఘం ఇరకాటంలో పడింది. కంచె అవతల పూడ్చేవాళ్లకు ప్రార్థన లేదనే నియమం పెట్టింది ఆయనే. ఆయనకే ప్రార్థన లేకుండా ఎలా? చనిపోయే మనిషి కోరిక కాదనడం ఎలా? వాళ్ల గుసగుసలను ఈసారి పాస్టరుగారు సాగనివ్వలేదు. గంట కొట్టమన్నారు. అంతమంది జనం మురికి కాలువ చుట్టూ తిరిగి వెళ్లలేరు కాబట్టి, కుర్రాళ్లు గొడ్డళ్లు తెచ్చి నాగజెముడు కంచెను నరికారు. ఆ దారిలోంచి పెట్టెను మోసుకెళ్లారు. సంఘమంతా ముళ్లు తొక్కుకుంటూ వెళ్లి మా తాత సమాధి చుట్టూ నిలబడింది, పెద్దాయన గొయ్యి దాని పక్కనే తవ్వారు మరి. పాస్టరుగారు ప్రార్థనలో రెండు పేర్లు చెప్పారు. మొదట తాత పేరు చెప్పారు. చర్చి గంట మోగుతూనే ఉంది. బాపమ్మ గంట వైపు తల తిప్పి, అది ఆగేదాకా అలాగే వింది.

తన వంతు వచ్చినప్పుడు పిడికెడు మట్టి పెద్దాయన మీద వేసింది. "మా ముసలోడు పాడితే అడ్డం రాకు" అని చెప్పింది. ఆ కంచెను మళ్లీ ఎవరూ నాటలేదు.

తర్వాత వచ్చిన సంస్కారపు ఆదివారం చర్చి అంతా ఓరకంట మా బెంచీని చూస్తోంది. పాస్టరుగారు ఆ మాట చెప్పి ఆగారు. అందరూ కళ్లు మూసుకున్నారు. బాపమ్మ మూసుకోలేదు. కాసేపు తన చేతుల వంక చూసుకుని, లేచింది. వెళ్లి అందరితోపాటు మోకరించింది. తాత పోయాక ఆమె తన చేతి రొట్టెను నోట్లో పెట్టుకోవడం అదే మొదలు. తిరిగి వచ్చి కూర్చుని, కన్నీళ్లు తుడుచుకోకుండానే నా చెవిలో "అంచు జెర మాడింది" అంది.

కోపం మొత్తం పోయిందా అని అడిగాను ఇంటికి వచ్చాక. "ఇంకా జెర ఉన్నది. గానీ ఇప్పుడు ఎవ్వలి మీదనో యాది చేసుకోవాల్సొస్తుంది" అంది.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. కాప్రాలో ఉంటున్నాను. మా చర్చిలో రొట్టె ఎవరూ చెయ్యరు, ప్యాకెట్లలో వస్తుంది. పొద్దున లేస్తే ఫోను నిండా బైబిలు వాక్యాలు, పూలబొమ్మలు, జోడించిన చేతులు. పంపించేవాళ్లలో సగం మంది ఒకరి ముఖం ఒకరు చూడరు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని మైకు ఇస్తే నేను తీసుకోను. క్షమించాను అని నోటితో అనాలంటే నాకు ఈనాటికీ నాలుక ఆడదు. అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది, అది కూడా నాకు బాపమ్మ నుంచే వచ్చింది.

పద్మారావు నగర్‌లో మా తోటికోడలు ఉంటుంది. మా అత్తగారు పోయినప్పుడు నలుగురిలో ఆమె నన్నన్న మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఈమధ్య ఆమెకు మోకాళ్ల ఆపరేషన్ అయింది. రోజూ ఆటో ఎక్కి వెళ్లి, అన్నం పెట్టి, కట్టు సరిచేసి, ఆమె వంటింట్లో గిన్నెలు ధడధడలాడించి తోమి వస్తున్నాను. చప్పుడు ఎక్కువవుతోందని ఆమె లోపల నుంచి అరుస్తుంది, నేను ఇంకో గిన్నె మోదుతాను. మొన్నటి ఆదివారం పాస్టరుగారు ఆ మాట చెప్పి ఆగినప్పుడు నా లోపల వెతికి చూసుకున్నాను. కోపం ఉంది. బెంచీ మీదే కూర్చుండిపోయాను. మర్నాడు పొద్దున్నే లేచి ఆమెకు ఇష్టమైన చింతచిగురు పప్పు వండి, క్యారియర్ సర్దుకుని బయలుదేరాను.